గుప్పెట్లో పట్టే ఇంజను

మొన్న ఆదివారం మా ఆయన చొక్కాకి గుండీలు పెడుతుంటే ఆయన చెయ్యి ఊరికే వణుకుతూ నా భుజానికి తగులుతోంది. రెండో గుండీకే నాకు విసుగొచ్చింది, ఆయనకు సిగ్గేసింది. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. ఇనప గనుల ఊరు మా బచేలీలో కిటికీలోంచి చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, కొండా, కొండ మీంచి దిగే ఎర్ర దుమ్మూ తప్ప. టౌన్‌షిప్ క్వార్టరు వదిలి అద్దె ఇంటికి మారినా ఆ దుమ్ము మమ్మల్ని వదల్లేదు. కాపురానికొచ్చిన నాటి నుంచి నేను దాన్ని తుడుస్తూనే ఉన్నాను. మా ఆయన మాత్రం దాన్ని పోగు చేసేవారు.

నిజంగానే పోగు చేసేవారు. ఆయన కొండ మీద గని వర్క్‌షాపులో, ఖనిజం మోసే డంపర్ల మెకానిక్కు. ఆ బండి చక్రం పక్కన నిలబడితే మనిషి దానికి సగానికి రాడు. పగలంతా అంతంత ఇంజన్లతో కుస్తీ పట్టి, ఇంటికొచ్చి వెనక వరండాలో ఇనుము చెక్కే చిన్న లేత్ మిషను ముందు కూర్చుని గుప్పెట్లో పట్టే పెట్రోలు ఇంజను చేసేవారు. ఎక్కడో చూసి చేసింది కాదు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆయనే గీసుకుని, ఆయనే కొలుచుకుని, బొటనవేలంత సిలిండరు, అందులో పిస్టను, బిస్కెట్టంత ఫ్లైవీలు చక్రం. దాంతో నీళ్ళు తోడేది లేదు, పిండి రుబ్బేది లేదు. "మరెందుకండీ?" అని కొత్తల్లో అడిగాను. "తిరగడానికి," అన్నారు. ఇంకేం అడుగుతాం.

మిగతావన్నీ కుదిరేవి. పిస్టను దగ్గరే తంటా. అది సిలిండర్లో గాలి కూడా చొరనంత బిగుతుగా ఉండాలి, అయినా నూనె మీద జారాలి. అందుకోసం ఆ ఎర్ర దుమ్మును నా పాత వాయిలు చీర ముక్కలో జల్లించి, ఆముదంలో కలిపి, పిస్టనుకు రాసి సిలిండర్లో ముందుకీ వెనక్కీ తిప్పుతూ నునుపు చేసేవారు. పిల్లల కడుపునొప్పికని తెప్పించిన ఆముదం అలా అయిపోయేది. సిలిండరు ఒక కొసను వేలితో మూసి, రెండో కొస నుంచి పిస్టన్ని నొక్కితే లోపలి గాలి దాన్ని వెనక్కి తోసెయ్యాలి. అలా తోసిందంటే పని అయిపోయినట్టే. అక్కడ ఆగితే ఆయన మా ఆయన కారు. "ఇంకో నాలుగు సార్లు," అనేవారు. ఆ నాలుగు ఎప్పుడూ నాలుగుతో ఆగలేదు. పిస్టను వదులైపోయేది, గాలి పక్కనుంచి జారుకునేది, ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకునేది. మళ్ళీ కొత్త పిస్టను. "చాలు, లేవండి, అన్నం చల్లారిపోయింది," అని అరిచీ అరిచీ నేను అలిసిపోయాను. పక్క క్వార్టరావిడ భద్రాచలం వైపు మనిషి. గోడ మీంచి తొంగి చూసి, "ఏంది వదినా, అన్న ఇంట్ల గూడ డ్యూటీ చేస్తుండా? సాబుకు జెప్పి ఓవర్‌టైం రాపియ్యి," అనేది.

రిటైరయ్యే ముందు సంవత్సరం ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ఇది తగ్గేది కాదు, మందుతో కాస్త నెమ్మదిస్తుందంతే అన్నాడు డాక్టరు. ఇక లేత్ మీద చెయ్యి నిలవలేదు. చెయ్యి బాగున్నప్పుడు తీసిన పిస్టను ఒక్కటే మిగిలింది. అది చెడితే మరొకటి చెయ్యలేరు. ఇన్నేళ్ళలో ఒక్క ఇంజనూ తిరగలేదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరోజు ఆ పిస్టనూ సిలిండరూ దాచిన డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వు రుద్దు. నా చేతికి తెలియట్లేదు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. కూర మాడుతోందని లేచి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

రుద్దాను. మధ్యమధ్య వేలితో మూసి నొక్కి చూశాను. ఒక సాయంత్రం గాలి పిస్టన్ని గట్టిగా వెనక్కి తోసింది.

"చాలండి," అన్నాను.

"ఇంకో నాలుగు సార్లు తిప్పి చూడు."

"తిప్పను," అని దాన్ని కిరసనాయిల్లో కడిగి, తుడిచి, కొంగున ముడేసుకున్నాను. రెండు పూటలు ఆయన నాతో మాట్లాడలేదు.

ఈ చలికాలంలో ఒక ఉదయం ఇంజన్ని వంటింటి బల్లకు బిగించాం. ఫ్లైవీలుకు దారం నేను చుట్టాను, ఆయన లాగారు. దగ్గింది. మళ్ళీ చుట్టాను, మళ్ళీ లాగారు. ఇక లాభం లేదని నేను మనసులో అనుకుంటుండగా ఇంజను అందుకుని తిరిగింది. సైకిలు ఊచలకు అట్టముక్క తగిలినట్టు చప్పుడు. బల్ల మీది గ్లాసులూ పోపులపెట్టె మూతా అన్నీ అదరడం మొదలెట్టాయి. ఆయన అరచెయ్యి బల్లకు ఆనించి నిలబడ్డారు. అన్నీ వణుకుతున్నాయి కాబట్టి ఆ చెయ్యి వణుకు వేరుగా కనబడలేదు. చాన్నాళ్ళకు అది మామూలు చెయ్యిలా ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను, ఇంజన్ని సరిగ్గా చూడనేలేదు.

పెట్రోలు అయిపోయి ఆగింది. నేను సీసా అందుకుని, "ఇంకోసారి పోయనా?" అన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంక చాల్లేవే," అన్నారు. కాపురమంతా ఆ మాట కోసం పోట్లాడాను. అది వచ్చిన రోజున మాత్రం, ఇంకొన్నాళ్ళు ఆగి రాకూడదా అనిపించింది.