అషేరాకు నేసిన స్త్రీలు

1991లో నేను వనపర్తిలో, పల్లె పాస్టర్లకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న పాఠశాలలో హెబ్రీ భాష చెప్పేవాణ్ణి. మా పనిలో ముఖ్యమైనది ఎక్సెజెసిస్, అంటే లేఖనంలోని మాట మూలభాషలో ఏం చెబుతోందో, ఎవరిని ఉద్దేశించి చెబుతోందో తేల్చడం. అప్పటికి పన్నెండేళ్లుగా అదే నా వృత్తి.

ఆ వేసవిలో ఉన్నపళంగా రమ్మని గద్వాల క్రైస్తవ సంఘపెద్ద ప్రకాశం గారు కబురు పెట్టారు. వెళ్లేసరికి ఆయన సుగుణమ్మ మగ్గం పక్కన కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె రెండేళ్ల కిందట బాప్తిస్మం తీసుకున్న నేతగత్తె. మగ్గం మీదున్నది అమ్మవారి గుడికిచ్చే చీర.

"సారూ, జర మీరే చెప్పుండ్రి. అషేరా దేవతకు నేసే ఆడోళ్ల ఇండ్లను యూదా రాజు కూలగొట్టిచ్చిండా, లేదా? పడుగు కోస్తవా, సంఘం ఇడుస్తవా అని అడుగుతున్న."

సుగుణమ్మ పడుగు దారాల మీద రెండు చేతులూ పరిచింది. "గిది సావుకారి నూలు సారూ. కోస్తే నాకు మళ్ల పనెవరిస్తరు?"

సంచిలోంచి హెబ్రీ గ్రంథం తీశాను. ప్రకాశం గారి మాట అబద్ధం కాదు. రాజుల చరిత్ర చెప్పే పూర్వ ప్రవక్తల భాగంలో ఆ సంగతి ఉంది.

"ఆ ఇళ్లు యెరూషలేము దేవాలయం లోపలున్నాయండీ. తమ దేవుని ఇంట్లోనే ఇంకో దేవతను నిలిపిన సొంత జనం మీద ఆ కోపం. వాళ్లు నేసిందేమిటో కూడా తేలలేదు. వాళ్లు నేసినదానికి మూలంలో వాడిన మాటకు మామూలుగా 'ఇళ్లు' అనే అర్థం. తెరలని కొందరు, బట్టలని కొందరు ఊహించారు."

"సుగుణమ్మ సుత మన సొంత జనమే గద!" అన్నారాయన. కత్తెర దారాల దగ్గరికి వచ్చింది.

నేను మళ్లీ గ్రంథంలోకి చూశాను. అప్పుడు సుగుణమ్మ అడిగింది: "కూలగొట్టినంక ఆ ఆడోళ్లు ఏమైండ్రు సారూ?"

ముందు వాక్యం, వెనక వాక్యం చదివాను. "రాయలేదమ్మా."

"ఎవ్వలడగలేదా?"

ప్రకాశం గారు పడుగు మీదున్న ఆమె చేతులు చూసి కత్తెర వెనక్కి తీశారు. "ఈ చీర నేసి దించు. ఇంకోటి పట్టకు," అని కత్తెర జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆమె చీర పూర్తిచేసింది. మూడు నెలలు ఆయన ఆమెకు ఆరాధనలో ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వలేదు. ఆ తర్వాత ఇచ్చారు.

పన్నెండేళ్లు ఆ వాక్యం పాఠం చెప్పినా నాకు ఆ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. ఆ ఏడాది నుంచి రాజు ఏం కూల్చాడో చెప్పి ఆగలేదు. అక్కడ పనిచేస్తున్నవాళ్లు ఎటు పోయారో గ్రంథం చెప్పలేదని కూడా తరగతిలో పైకే చెప్పేవాణ్ణి.