బండిదావ మీద సైకిల్ బెల్లు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అమ్మ మిషన్ బడిలో టీచరు. ప్రార్థన చేయించి పడుకోబెట్టేదే గాని, దయ్యాల మాట ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు. శ్మశానం పక్కగా ఇప్పటికీ ఒక్కడినే నడిచిపోగలను. అయినా మూడేళ్ల కిందట పట్టపగలు, పదిమంది మధ్య జరిగిన ఒక సంగతి మాత్రం నాకు అంతుబట్టడం లేదు.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కంపెనీలో సర్వే పని నాది. పెద్ద కరెంటు లైను వేసే ముందు అది ఎవరి చేల మీదుగా పోతుంది, ఎన్ని చెట్లు కొట్టాలి, ఎన్ని బావులు అడ్డం వస్తాయి అని అంచనా వేస్తాం. ఇదివరకు టేపు పట్టుకుని ఎండలో తిరిగేవాళ్లం. ఇప్పుడంతా ఒక వెబ్‌సైటులోనే. మ్యాపు మీద గీత గీస్తే అంచనా వచ్చేస్తుంది. మనకు కావలసిన చోట వేలు పెట్టి హెడ్‌ఫోను తగిలించుకుంటే, వానాకాలంలో తీగలు చేసే గుయ్‌మనే చప్పుడు అక్కడికి ఎంత వినబడుతుందో కూడా వినిపిస్తుంది.

ఆ ఏడు ఒక లైను సింహాద్రిపురం దగ్గర నా చిన్ననాటి ఊరి మీదుగా పడింది.

అమ్మ ఉద్యోగం వల్ల పన్నెండేళ్లు వచ్చేదాకా నేను ఆ ఊళ్లోనే పెరిగాను. అవి ఊరు రెండు పార్టీలుగా చీలిన రోజులు. పై వీధి ఒక పార్టీ, కింద వీధి ఇంకొకటి. మధ్యలో బండిదావ, ఎడ్లబండ్లు పోయే దారి. పొద్దు వాలితే దాని మీద ఎవరూ కాలు పెట్టేవారు కాదు. పెడితే ఏదో ఒక మిద్దె మీద నుంచి బాంబు పడేది.

ఒక్క లైన్‌మ్యాన్ దేవదానం మామకే అడ్డు లేదు. కరెంటు పోతే రెండు వీధులకూ ఫీజు తీగలు వేసేది ఆయనే మరి. చీకట్లో తనను వేరే ఎవరో అనుకోకుండా సైకిల్ బెల్లు ఒక పద్ధతిలో కొట్టేవాడు. రెండుసార్లు, కాస్త ఆగి, ఒకసారి. మిద్దె మీద కాపలావాళ్లు "ఎవరప్పా?" అని కేకేస్తే, "నేనేలేప్పా, కరెంటోన్ని!" అనేవాడు. ఆ బెల్లు వినగానే అమ్మ ముఖం తేటపడేది. పగలైతే రెండు వీధుల పిల్లలమూ ఆ సైకిల్ వెనకాల ఉరికేవాళ్లం. మేమందరం కలిసి నవ్వుకున్నది బడిలో కాక అక్కడే.

రిటైరయ్యాక మామ ఎకరంన్నరలో చీనీ చెట్లు, అదే బత్తాయి, పెట్టుకున్నాడు. కాపు మొదలైన రెండేళ్లకు నిద్రలోనే పోయాడు. ఈ కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. చూడడానికి వెళ్లలేకపోయాను.

ఊళ్లో మీటింగు బడి వరండాలో పెట్టాం. ఉదయం పదకొండు గంటలు. పాత పార్టీల వాళ్లే ఇప్పుడు వేరువేరు జెండాల కింద, వరండాకు చెరో చివర కూర్చున్నారు. లైనుకు రెండు దార్లు చూపించాం. ఒకటి చీనీ తోట మీదుగా, రెండోది బండిదావ వెంబడి.

మామ భార్య సారమ్మత్త కర్ర పట్టుకుని వచ్చింది. నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకుంది.

"ఆయప్ప నాటినాడు, నేను బిందెలతో నీళ్లు మోసినాను నాయనా. టవరు కాళ్ల కింద ఆ చెట్లు పోతే నేను తట్టుకోలేను. దావెంబడి ఏసుకోమని చెప్పు మీవోళ్లకు."

నాకూ అదే న్యాయమనిపించింది. అలాగే రాసుకున్నాను. అయినా రెండు చోట్లా చప్పుడు వినిపించాలి గనక, మా ఇంజనీరు స్రవంతి ఆమెకు హెడ్‌ఫోను పెట్టింది. స్రవంతిది గుంటూరు. ఆ ఊరికి రావడం అదే మొదటిసారి.

తోట దగ్గరి చప్పుడు వింటూ సారమ్మత్త ముఖం చిట్లించుకుంది. తర్వాత స్రవంతి మ్యాపులో బండిదావ మీద వేలు పెట్టింది.

ముసలామె కదలకుండా కూర్చుంది. కాసేపటికి హెడ్‌ఫోనును రెండు చేతులా చెవులకు అదుముకుంది. స్రవంతి ఆపబోతే ఆమె చేయి పట్టుకుంది.

"ఆపొద్దమ్మా. ఇంగ రోంతసేపు ఉండనీ."

హెడ్‌ఫోను పాడైందేమోనని స్రవంతి తీసి తన చెవులకు పెట్టుకుంది. వెంటనే తీసేసి వీధిలోకి చూసింది.

"సైకిల్ మీద ఎవరైనా వచ్చారా సార్? రెండుసార్లు బెల్లు కొట్టి, కాస్త ఆగి మళ్లీ ఒకసారి కొట్టారు."

వీధి ఖాళీగా ఉంది. అది మామ కొట్టే పద్ధతే. ఆ బెల్లు సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. సారమ్మత్త కూడా అప్పటిదాకా ఆ మాటే ఎత్తలేదు.

హెడ్‌ఫోను లాక్కుని పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాను. గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి, మూడోసారి పెట్టించాను. అంతే.

సారమ్మత్త లేచి నిలబడింది.

"ఆ దావన వద్దులే నాయనా. నా తోట మీదనే పోనీ. సంతకం యాడ పెట్టాల?"

"అత్తా, చెట్లు పోతాయి" అన్నాను.

"పోనీలే. ఆయప్ప దావ ఆయప్పకు ఉండనీ."

పై వీధి పెద్దాయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

ఆఫీసుకు వచ్చాక ఆ వెబ్‌సైటు తయారు చేసినవాళ్లను అడిగాను. మ్యాపు మొత్తానికీ ఉన్నది ఒకే ఒక రికార్డింగు, దూరాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, అంతే అన్నారు. అది వేరే రాష్ట్రంలో, జనం తిరగని చోట రికార్డు చేసింది. స్రవంతి ఆ ఫైలు మొత్తం ఓపిగ్గా విన్నది. బెల్లు లేదు. ఆ రోజు తాను విన్నది మాత్రం నిజమని ఇప్పటికీ అంటుంది.

నేనూ ఇంట్లో చాలాసార్లు ఆ పేజీ తెరిచి బండిదావ మీద వేలు పెట్టి విన్నాను. భయమేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆశగానే విన్నాను.

టవర్లు లేచాక ఒకసారి సారమ్మత్తను చూడడానికి వెళ్లాను. మిగిలిన చెట్ల నీడలో కూర్చుని ఉంది. ఆ రోజు ఏం విన్నావత్తా అని అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"నీకు ఇనపడలేదా? ఎనకాల ఉరికేటోళ్లలో ముందుండేది నువ్వే గదా నాయనా!"

ఊరికి కొత్తయిన ఆ అమ్మాయికి వినబడింది నాకెందుకు వినబడలేదో, అసలు అదేమిటో, ఈనాటికీ నాకు తెలియదు.