పలకల దాకా చెరువు మట్టి

నా భర్త కాలు పోయినప్పటి నుంచి రెండేళ్లు నేను ఒకటే ప్రార్థన చేశాను. మా పటేలు తన నోటితో తానే పట్టుబడాలని. లేఖనాల్లో శత్రువు పళ్లు విరగ్గొట్టమని దేవుణ్ణి అడిగిన ప్రార్థనలున్నాయి. స్త్రీల కూడికలో వాటిని ఎవరూ చదివించరు. నేను పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని, పక్కింటికి వినిపించేలా చదివేదాన్ని.

మాది ఇటిక్యాల వైపు ఊరు. ఎర్ర చెలకలు, పల్లి పంట. ఎండాకాలం చెరువు ఎండగానే అడుగు మట్టి తవ్వి చెలకల్లో పోస్తారు. పటేలుకు ట్రాక్టరు, రెండు గిర్రల ట్రాలీ ఉండేవి. నా భర్త ఆయన డ్రైవరు. మేం ఏడుగురు ఆడవాళ్లం ఒక ముఠాగా మట్టి ఎత్తేవాళ్లం. నలుగురు తవ్వి తట్టలు నింపితే ఇద్దరు అందిస్తారు, ఒకరు ట్రాలీలో నిలబడి పోసి, కాలితో తొక్కి సర్దుతారు. ఆ ఒకరు నేనే. మా వైపు ముఠాల్లో ఒక కట్టుబాటు ఉండేది. సర్దిన మనిషి చెప్పనిదే ఆ లోడును మిగతావాళ్లు ముట్టరు. బరువు ఎక్కడ ఉందో ఆమె కాళ్లకే తెలుసు కాబట్టి.

సర్దడం నాకు నేర్పింది నా భర్తే. బరువంతా ఇరుసు మీద పడాలి, కొంచెం ముందుకు మొగ్గాలి. మరీ ముందుకు పోస్తే చెరువు కట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టరు మూతి లేస్తుంది. వెనక్కి పోస్తే ట్రాలీ ముక్కు పైకి లేచి ట్రాక్టరు వెనక గిర్రలను నేల మీద ఆననివ్వదు. ట్రాలీకి బ్రేకు లేదు. కట్ట దిగేటప్పుడు ఎంత బరువున్నా ట్రాక్టరు బ్రేకే ఆపాలి. ఇవన్నీ నాకు ఆయన చెప్పినవే. లోడయ్యాక ఆయన టైర్ల పొట్టలు చూసేవాడు, పది అడుగులు పోనిచ్చి స్టీరింగు అటూ ఇటూ తిప్పేవాడు. చేతికి మరీ తేలికగా తిరిగితే దిగి వచ్చి, "ఏమే, ముందర నాలుగు తట్టలు తియ్యి" అనేవాడు.

ట్రాలీ ముందు భాగాన ఎంత మోయగలదో రాసిన రేకు ఒకటి ఉండేది. రంగు వేసినప్పుడు దాని మీద కూడా వేసేశారు. నా భర్త మేకుతో గీకి చదివాడు. మూడు టన్నులు. ఎండు మట్టి ట్రాలీ అంచు దాకా పోస్తే అంతకు కొంచెం అటూ ఇటూ అవుతుందని ఆయన అంచనా. అయితే పల్లికట్టె, అంటే కాయలు తెంపాక మిగిలే ఎండు తీగె, తోలే రోజుల్లో అంచుల పైన చెక్క పలకలు బిగించి ట్రాలీ ఎత్తు పెంచేవాళ్లు. కట్టె తేలిక కాబట్టి ఎంత ఎత్తు పోసినా ఏం కాదు. మా వైపు లోడును బరువుతో చూడరు, ట్రాలీ నిండిందా లేదా అని చూస్తారు. ఆ ఏడు కట్టె తోలడం ముగిసిన మర్నాడే మట్టి తోలడం మొదలుపెట్టారు. పలకలు తీయలేదు.

"పటేలా, లోతట్టుల మట్టి ఇంకా తడిగనే ఉంది. పలకలు తీసేద్దాం. అంచు దాంక చాలు," అన్నాడు నా భర్త.

"నిన్న గివే పలకల దాంక కట్టె తోలినవ్ గద. ఇయ్యాల ఏమొచ్చింది?"

"కట్టె అంటె గాలి పటేలా. గిది మట్టి గాదు, నీళ్లు ఎత్తుతున్నరు."

"నీ బాప్తిస్మం నీళ్లు తలకెక్కినట్టున్నయ్ రా. ఏ, నింపురి! మూతి లేస్తదంటె ముందర ఇద్దరిని కూసోబెట్టురి."

ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పలకల దాకా తొక్కాను.

ఇద్దరు మనుషులు ట్రాక్టరు ముందు కూర్చుంటే మూతి లేవలేదు, కట్ట ఎక్కింది. పైకెక్కగానే వాళ్లు దూకేశారు. అవతలి వైపు దిగడం మొదలవగానే ట్రాలీ వెనక నుంచి నెట్టింది. ఆయన బ్రేకు తొక్కాడు. ట్రాక్టరు ఆగబోయింది, ట్రాలీ ఆగలేదు. పక్కకు తిరిగి ట్రాక్టరును తోసి పడేసింది. నేను ఖాళీ తట్టతో వెనక నడుస్తున్నాను. మట్టి కింద ఆయన చెయ్యి కనిపించింది. చేతులతోనే తవ్వాం. కర్నూలు దవాఖానలో మోకాలి కింద కాలు తీసేశారు.

మేం దవాఖాన నుంచి వచ్చేసరికి ఊరంతా ఒకటే మాట. తాగి తోలిండట. ఆ మాట పుట్టింది పటేలు అరుగు మీద. బాప్తిస్మానికి ముందు నా భర్త తాగేవాడు, అది అందరికీ తెలుసు, కాబట్టి మాట సులువుగా అతుక్కుంది. మా మందిరం అయ్యగారు ఇంటికొచ్చి, తల వంచుకుని, విషయం తేలేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవద్దని ఆయనకు చెప్పారు. సంఘపెద్దలు అలా తీర్మానించారట.

"నేను తాగలే అయ్యగారు."

"నాకు తెలుసు. సాక్ష్యం కావాలె గద."

"మేం ఏడుగురం చూసినం," అన్నాను.

"మీరంత ఆయన మనుషులే గదమ్మా."

రెండేళ్లు నా భర్త చివరి చాప మీద, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. రొట్టె పళ్లెం ఆ వరస దాకా వచ్చి పక్కకు పోయేది. ఆయన నేల చూసేవాడు. కాలు పోయిన రోజు కూడా ఆయన అలా తల దించలేదు. పగ తీర్చడం దేవుని పనని నాకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, సండే స్కూలు పిల్లలకు నేనే చెప్పేదాన్ని. చెబుతూనే ఆ పని నా చేతికివ్వమని అడిగేదాన్ని.

మూడో ఎండాకాలం పటేలు మా ముఠాను మట్టికి పిలిచాడు. బాగు చేసిన అదే ట్రాలీ, అవే పలకలు. ఆ బండి ఎక్కడానికి ఏ డ్రైవరూ ఒప్పుకోకపోవడంతో ఆయన పెళ్లయిన కొడుకే తోలుతున్నాడు.

"ఎంత దాంక నింపాలె పటేలా?" ట్రాలీలో నిలబడి అడిగాను.

"ఎప్పటి లెక్కనే. పలకల దాంక."

"జర గట్టిగ చెప్పు. కిందోళ్లకు ఇనబడలె."

"పలకల దాంక! చెవుడా ఏంది?"

తట్ట అందిస్తున్న ఆమె నా మొహం చూసింది. "అక్కా, వద్దే," అంది మెల్లగా. "అందియ్యి," అన్నాను. ఇరుసు మీద ఉండాల్సిన మట్టినంతా ఆ రోజు వెనక్కి తొక్కాను. నింపేటప్పుడు బండి జరగకుండా గిర్ర కింద రాయి పెట్టడం మా అలవాటు. అదీ పెట్టలేదు. దిగి చూస్తే టైర్లు పొట్టలేసి ఉన్నాయి. ట్రాలీ ముక్కు పైకి లేస్తూ, దాన్ని ట్రాక్టరుకు తగిలించిన పిన్నును కిర్రుమనిపిస్తోంది.

"అయింది. పోనియ్ బిడ్డా," అన్నాను.

కొడుకు క్లచ్చి వదిలాడు. వెనక గిర్రలు ఉన్నచోటే తిరిగాయి. "నాయినా, వెనక తేలుతుంది," అని అరిచాడు.

పటేలు టైర్లను చూశాడు. తర్వాత కట్టను చూశాడు.

"కొంచెం దించురి."

"ఎందుకు పటేలా? గదే ట్రాలీ, గవే పలకలు, గదే కట్ట."

"దించమంటున్న గద!"

"మా ఆయన తాగి తోలిండు కాబట్టి పడ్డది. నీ కొడుకు తాగలే గద. ఏం గాదు, పోనియ్."

మా వాళ్లు ఒక్కొక్కరే తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు.

"ఏం పటేలా, తాగిండా నీ కొడుకు?"

కొడుకు ఇంజను ఆపాడు. "నాయినా," అన్నాడు సీటు మీద నుంచే, "ఆయన గూడ తాగలేదా?"

పటేలు తువాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "తాగలే," అన్నాడు. "నేనే నింపమన్న."

రెండేళ్లు నేను అడిగిన మాట అదే. అయినా నాకు చాల్లేదు.

"నాకెందుకు చెప్తవ్? ఆదివారం మా మందిరం కాడికొచ్చి చెప్పు. అందాంక గీ మట్టి దిగది."

"గంత గర్వమా నీకు?"

"అవును పటేలా."

అది గురువారం. ట్రాక్టరును విప్పుకుని పోవడానికి కూడా ధైర్యం చాలలేదు వాళ్లకు, పిన్ను లాగితే ట్రాలీ వెనక్కి పడుతుందని. పటేలు పక్క ఊరి నుంచి కూలీలను తెచ్చాడు. వాళ్లు చుట్టూ తిరిగి చూసి, ఎవరు సర్దారని అడిగి, వెళ్లిపోయారు. రెండు రోజులు ఆ బండి ఎండలో, నేలకు నొక్కుకుపోతూ నిలబడింది. నేను రోజూ పనిగట్టుకుని కట్ట మీద నుంచి నడిచి వెళ్లి చూసొచ్చాను. ఆ చూపులో భక్తి ఏమీ లేదు.

ఆదివారం ఆయన వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాడు. "తడి మట్టి పలకల దాంక నింపమన్నది నేను. వద్దన్నది ఆయన. తాగిండని అబద్ధం చెప్పిన," అని వెళ్లిపోయాడు. అయ్యగారు పళ్లెం పట్టుకుని నేరుగా చివరి చాప దగ్గరికి నడిచి వచ్చారు. నా భర్త కర్ర పట్టుకుని లేవబోతే, కూర్చోమని తానే వంగి రొట్టె ఇచ్చారు.

పళ్లెం నా దగ్గరికి వచ్చింది. మనసులో పగ పెట్టుకుని, సమాధానపడకుండా రొట్టె ముట్టకూడదని నేను ఎందరికో చెప్పాను. పక్కామెకు అందించేశాను.

మధ్యాహ్నం ముఠాతో చెరువుకు పోయాం. నా భర్త కట్ట మీద కూర్చుని చెబుతుంటే, ముందుగా గిర్రల కింద రాళ్లు పెట్టి, ట్రాలీ తోక కింద దిమ్మె ఆనించి, వెనక నుంచి తట్ట తట్టగా అంచు కంటే కిందికి దించాను.

"నువ్వెందుకు తీసుకోలే?" అని అడిగాడు.

"కోపం పోలే."

"మాటైతే వచ్చింది గద."

"వచ్చింది. పోలే."

పలకలు ఊడదీసి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇవ్వమని పటేలు కబురు పెట్టలేదు. నరికి పొయ్యిలో పెట్టాను. ఎండిన చెక్క, వారం రోజులు బాగా మండింది. మళ్లీ పళ్లెం ముట్టడానికి నాకు పంట కోతల దాకా పట్టింది.