వెల్ష్ డాక్టరు వీడ్కోలూ, నా నోటిదూలా

మొన్న మా హాస్పిటల్ క్యాంటీన్‌లో నేను చేసిన ఘనకార్యం వింటే మీరు టీ కప్పులు కింద పెట్టేస్తారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదంటారా? ముందు వినండి!

ఇక్కడ సౌదీలో, మా హుఫూఫ్ హాస్పిటల్లో డాక్టర్ హ్యూ అని మత్తు డాక్టరు ఉన్నారు. ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం ముగించుకుని మళ్ళీ రాకుండా, వెళ్ళిపోతున్నారు. ఆయనది వేల్స్. బ్రిటన్‌లోనే ఉంది గానీ ఇంగ్లండ్ కాదు, వాళ్ళ భాష వేరు, వాళ్ళ పట్టుదల వేరు. కుర్రతనంలో ఆయన ఓ రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించారట. బ్యాండ్ పేరుకి వాళ్ళ భాషలో తడిసిన మేజోళ్ళని అర్థం. ఊళ్ళో ఎప్పుడూ వానే, ప్రాక్టీసు చేసే షెడ్డుకేమో కప్పంతా చిల్లులే! పాటలన్నీ వాళ్ళ వెల్ష్ భాషలోనే. లండన్ నుంచి కంపెనీవాడొకడు వచ్చి, "ఇవే ఇంగ్లీషులో పాడండి, రికార్డు వేస్తాం" అన్నాడట. "నువ్వే వెల్ష్ నేర్చుకో" అని పంపించేశారట! తర్వాత క్యాసెట్లు వాళ్ళే చేసుకుని సంతల్లో అమ్ముకున్నారు. చివరికి డ్రమ్ములు వాయించేవాడు గొర్రెల పెంపకంలో పడ్డాక బ్యాండ్ మూతపడింది.

ఇదంతా నాకెందుకు చెప్పారంటే, నా ఏడుపు విని. మా వార్డులో నీలమ్ అని ఢిల్లీ సిస్టర్ ఉంది. వచ్చిన్నాటి నుంచీ నన్ను మద్రాసీ అంటుంది. "తల్లీ, మాది నరసాపురం, మా భాష తెలుగు" అని ఎంత మొత్తుకున్నా, "అరే, అంతా ఒకటేగా!" అంటుంది. ఎలా ఒకటి? మా గోదావరి ఎక్కడ, మద్రాసు ఎక్కడ! కొట్లో సౌదీ ఆయన "హిందీ" అని పిలిస్తే సరే, అరబ్బీలో ఇండియావాళ్ళంతా హిందీలే, పాపం తెలీదు. ఈవిడకేం రోగం?

వీడ్కోలు పార్టీ నీలమే నడిపిస్తోంది. బ్యాండ్ కథ నన్ను చెప్పమంది. "చెప్తా. కానీ అందరి ముందూ నన్ను తెలుగు సిస్టర్ అని పిలవాలి" అన్నాను. "పక్కా!" అని ఒట్టు కూడా వేసింది. ఆ ఒక్క పిలుపు కోసం అద్దం ముందు ఎంత ప్రాక్టీసు చేశానో మీకేం తెలుసు!

పార్టీ రోజున క్యాంటీన్ కిక్కిరిసిపోయింది. నీలమ్ మైకు పట్టుకుంది. "అబ్ ఆ రహీ హై, హమారీ ప్యారీ మద్రాసీ సిస్టర్, కరుణా!"

ఒట్టు గట్టున పెట్టింది! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మైకు లాక్కున్నాను. కథంతా చెప్పి, నీలమ్ కేసి గుడ్లురిమి చూస్తూ అరిచాను. "భాష కోసం డబ్బే వద్దన్నారు! ఎవరు ఎవరో తెలుసుకుని మాట్లాడటం మర్యాద! అదీ మన డాక్టర్ గారి బ్యాండ్! ఇంగ్లండ్ గర్వించాల్సిన గొప్ప ఇంగ్లీష్ బ్యాండ్!"

డాక్టరు గారి చేతిలో ఖర్జూరం నోటి దగ్గరే ఆగిపోయింది.

ఏం చెయ్యను! మా ఊళ్ళో తెల్లగా ఎవరు కనపడినా ఇంగ్లీషువాళ్ళే. ఇంట్లో మా ఆయనతో కూడా రోజూ "మా ఇంగ్లీషాయన" అనేదాన్ని. కోపంలో నోరు అలవాటైన దారి పట్టింది. సిగ్గుతో ఏడుపొచ్చేసింది.

డాక్టరు గారు మెల్లిగా లేచి మైకు తీసుకున్నారు. నాకేసి చూసి, మొహంలో చిన్న నవ్వు కూడా లేకుండా అన్నారు కదా:

"మా మద్రాసీ సిస్టర్‌కి చాలా థాంక్స్. ఆవిడ హిందీ ఎంత తియ్యగా ఉంటుందో!"

అప్పుడు లేచిందండీ నీలమ్! "నో, నో, డాక్టర్! షి ఈజ్ తెలుగు! నరసాపురం!"

హాలంతా ఒకటే నవ్వు. డాక్టరు గారు నాకు కన్నుగీటారు. అన్నాళ్ళు నేను గొంతు చించుకున్నా ఎక్కనిది, నా పరువు పోయిన క్షణంలో ఆ మహాతల్లి బుర్రకెక్కింది! సంతోషించాలో, ఏడవాలో తెలీక కేకు తిన్నాను.

బయట మా ఆయన కార్లో ఎదురు చూస్తున్నారు. ఎక్కగానే, "ఏవే, మీ ఇంగ్లీషాయన పార్టీ ఎలా జరిగింది?" అన్నారు.

"ఇంగ్లీషు కాదండీ! వెల్ష్! వెల్ష్!" అని అరిచాను.

"అబ్బా, అంతా ఒకటేగా!"

కారు దిగి నడిచి పోదామనిపించింది. కానీ ఆయన్ని తిట్టడానికి నోరెలా వస్తుంది? ఆ పాఠం చెప్పిన పంతులమ్మని నేనేగా!