ఆరున్నరకి వచ్చే ఫోను

ఆయన్ని వర్క్‌షాపులో అందరూ అంగుళం మాస్టారు అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా కటింగ్ మాస్టరు ఆయనే. గుడ్డ మీద సుద్దగీత పడ్డాక యజమాని వచ్చి బతిమాలినా అంగుళం ఇటు జరపడు, అటు జరపడు. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఎన్నోసార్లు ఆ టేపుతోనే బస్సెక్కి ఇంటికి వెళ్లి, అక్క చేత చీవాట్లు తిన్నాడు.

పెళ్లి చేసుకోలేదు. కుదరలేదని ఆయన అంటాడు. పిల్లని చూడ్డానికి వెళ్లి జాకెట్టు కుట్టు చూసి వచ్చాడని అక్క అనేది. మేడ మీద రెండు గదుల్లో ఆ అక్కా తమ్ముళ్లిద్దరే ఉండేవారు. పొద్దున్నే వంటగదిలోంచి "నిద్ర పట్టిందిరా?" అని అక్క అడిగేది. ఈయన "ఊఁ" అనేవాడు. ముప్పై ఏళ్లూ అదే ప్రశ్న, అదే ఊఁ. నీకు పట్టిందా అని తిరిగి అడగాలని ఆ మహానుభావుడికి ఒక్కరోజు కూడా తోచలేదు.

అక్క పోయి ఏడాదిన్నర అయింది. అప్పటి నుంచే కంటి మీద కునుకు కరువైంది. దానికి తోడు బడులు తెరిచే ముందు షెడ్డులో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. ఆ హడావిడిలో ఒకరోజు, ఇరవై వరసల గుడ్డ మీద కటింగ్ మిషను నడుపుతూ కళ్లు తిరిగి బల్ల మీదకి ఒరిగాడు. బ్లేడు బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. వేలు దక్కింది గానీ ఇరవై చొక్కాల ముందుభాగాలు పాడయ్యాయి. ఈయన బెంగంతా ఆ చొక్కాల గురించే. యజమాని ఇక లాభం లేదని క్లినిక్కుకి పంపాడు.

బీపీ చూసిన డాక్టరు ఒక మాత్ర రాసి, "మందు సగం పనే చేస్తుంది మాస్టారూ. వేళకి పడుకోండి. రోజూ అరగంట నడవండి. పని గొడవ షెడ్డులోనే వదిలేసి రండి" అన్నాడు. రోజూ పొద్దున ఆరున్నరకి క్లినిక్కు నుంచి సిస్టర్ ఫోన్ చేసి నిద్ర, నడక ఎంతో అడిగి రాసుకుంటుంది. వరసగా రెండు వారాలు ఆరు గంటల నిద్ర, అరగంట నడక ఉంటే ఇక ఫోను రాదు. అదీ అక్కడి పద్ధతి.

మర్నాడు ఫోన్ మోగింది. "మాస్టారూ, నిద్ర పట్టిందా?" అంది ఒక ఆడగొంతు. ఆయన చూపు వంటగది వైపు పోయింది.

చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని నడక మొదలుపెట్టాడు. సాయంత్రం టీ మానేశాడు. ఆర్డరు కాగితాలు ఇంటికి తెచ్చుకోవడం ఆపి షెడ్డు సొరుగులోనే పెట్టి తాళం వేశాడు. చిన్న పుస్తకంలో గడులు గీసి, ఒకదాంట్లో నిద్ర, ఇంకోదాంట్లో నడక రాసుకోసాగాడు. నెల తిరిగేసరికి ఏడు గంటలు ఒళ్లు తెలియని నిద్ర. నడుము రెండంగుళాలు తగ్గితే తన ప్యాంట్లు తనే బిగించుకున్నాడు.

ఒక పొద్దున పుస్తకం తిరగేస్తే వరసగా పదమూడు మంచి గడులు కనిపించాయి. ఇవాళ్టితో పద్నాలుగు. ఇక రేపటి నుంచి ఫోను రాదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"మూడు గంటలే పడుకున్నాను సిస్టర్. నడకా లేదు" అన్నాడు, నడిచొచ్చిన బూట్లు విప్పుకుంటూ.

"అయ్యో. నిన్నటిదాకా బాగానే ఉన్నారు కదా. మరేం ఫర్వాలేదు, రేపు చూద్దాం" అంది ఆవిడ. రేపు, అన్న ఆ ఒక్క మాట కోసం, అంగుళం తేడా ఒప్పుకోని మనిషి ఏకంగా నాలుగు గంటలు కోసేశాడు. సిగ్గేసింది. అయినా పది రోజులకోసారి అలా కోస్తూ మూడు నెలలు లాక్కొచ్చాడు.

ఒకరోజు ఆవిడ గొంతు బొంగురుగా వచ్చింది. "మాస్టారూ, డాక్టరు గారు మీకు నిద్రమాత్ర రాద్దామంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. దారిలో పడ్డట్టే పడి వెనక్కి వచ్చేస్తున్నారు. నేనే ఏదైనా తప్పు చెప్పానేమోనని రాత్రంతా అదే ఆలోచన. నిద్ర లేదు నాకు."

ఆయన చేయి మెడలోని టేపు మీదకి పోయింది. తను హాయిగా నిద్రపోతూ, ఆవిడ నిద్ర పాడుచేశాడు.

"సిస్టర్, నాకు నిద్ర బాగానే పడుతోంది. రోజూ ఏడు గంటలు. నడక నలభై నిమిషాలు. మీకు చెప్పినవి అబద్ధాలు."

"ఎందుకలా చెప్పారు?" అంది ఆవిడ.

"ఈ ఇంట్లోకి రోజుకొక్క గొంతే వస్తుంది. మీది."

"నాకు చాలా కోపంగా ఉంది మాస్టారూ."

"ఉండాలి కూడా."

"నేనిక నిజం లెక్కే రాయాలి. ఈ ఆరున్నర వేళ కోసం ఇంకా పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. రేపటి నుంచి మీకు చేయలేను."

"తెలుసు తల్లీ. ఒక్కమాట. రాత్రి మీరు ఎన్ని గంటలు పడుకున్నారు?"

ఎవరినైనా ఆ మాట అడగడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి.

"మూడు. మీ మూడు లాంటిది కాదు, నిజం మూడు" అంది. గొంతులో కోపం కాస్త తగ్గింది. "నన్ను ఎవరూ అడగరు మాస్టారూ."

"ఇవాళ పెందలాడే పడుకోండి."

"సరే" అని పెట్టేసింది. ఆ రోజు నిద్ర గడిలో తన ఏడు కాకుండా ఆవిడ మూడు రాశాడు.

మర్నాడు ఆరున్నర అయింది, దాటింది. ఫోన్ మోగలేదు. ఆ రోజు ముందే నడకకి పోలేక, ఒక బూటు లేసు కట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని, ఏడింటిదాకా అలాగే కూర్చున్నాడు. పుస్తకంలో ఇవాళ్టి గడి ఖాళీగా ఉంది. తన నిద్ర ఎంతో ఆయనకి తెలుసు, ఆవిడది తెలుసుకునే దారే లేదు. అక్కది కూడా ఎప్పటికీ తెలియదు.

రెండో బూటు కూడా తొడుక్కుని లేచాడు. వంటగది వైపు తిరిగి, "నిద్ర పట్టిందా?" అని పైకే అడిగాడు. కాసేపు నిలబడి, తలుపుకి తాళం వేసి నడకకి వెళ్లాడు.