సెంటుకు ఆరంకణాలు

ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. దశాంశ బిందువు పక్కన సున్నా వదిలేసిన పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని. సున్నాయే కదా టీచర్ అని ఎవరైనా గొణిగితే ఇంకో పావుగంట నిలబెట్టేదాన్ని. అలాంటి నేనే మా చిన్నమ్మ ఇంటి లెక్కలో ఒక సున్నానూ, దాని పక్కనున్న అయిదునూ కలిపి మింగేశాను.

వాకాడు దగ్గర మా ఊళ్లో నాయనకూ చిన్నాయనకూ కలిపి నలభై సెంట్ల ఇంటి స్థలం ఉండేది. వీధి వైపు మా ఇల్లు, వెనక చిన్నాయన వాళ్ల ఇల్లు. మధ్యలో గోడ లేదు. చిన్నమ్మ మా వాకిట్లోంచే వీధిలోకి నడిచి వచ్చేది. చిన్నాయన పోయాక నాయనే పట్టుబట్టి పంపకం పెట్టించాడు. పిల్లల్లేని మనిషి, రేపు ఆమెను ఎవరూ లేచి పొమ్మనకూడదు, ఆమె వాటా ఆమె పేరున ఉండాలన్నాడు.

పాత కాగితాల్లో స్థలం సెంట్లలో ఉంది. మా నెల్లూరు వైపు పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెబుతాం గానీ ఇంటి స్థలం అనగానే అంకణాల్లోకి వచ్చేస్తాం. డెబ్భై రెండు చదరపు అడుగులు ఒక అంకణం. పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులు సెంట్లను అంకణాల్లోకి మార్చి చెప్పమని నన్నడిగారు. నేను కాగితం కూడా తీసుకోలేదు. సెంటుకు ఆరు, నలభై ఆర్లు రెండు వందల నలభై, చెరి నూట ఇరవై అని అక్కడికక్కడే చెప్పేశాను. టీచరమ్మకు లెక్కంతా నోట్లోనే ఉందే అన్నాడొకాయన. ఆ మాట తల్చుకుని చాలాసేపు మురిసిపోయాను.

టేపు పట్టుకుని వెనక చిన్నమ్మకు నూట ఇరవై అంకణాలు కొలిచి రాళ్లు పాతారు. ముందు భాగంలో ఉత్తరపు కంచె నుంచి మాకు నూట ఇరవై కొలుచుకుంటూ వస్తే దక్షిణం అంచున కాస్త నేల మిగిలిపోయింది. మూడడుగుల వెడల్పు, నలభై ఎనిమిది అడుగుల పొడవు. చిన్నమ్మకు వీధిలోకి దారి కావాలన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. దేవుడే దారి మిగిల్చినాడు, దీన్నిట్లే వదిలేయండని పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. మర్నాడే చిన్నమ్మ దాని పొడుగునా కనకాంబరాలు నాటింది. శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజుల్లో మేమంతా ఆ సందులోనే నిలబడి చూసేవాళ్లం.

పంపకమైన వారంలోనే ఏడో తరగతికి దశాంశాలు చెబుతూ, పిల్లలకు తెలిసిన సంగతి కదా అని సెంట్ల, అంకణాల లెక్క ఇచ్చాను. బోర్డు మీద నేనే చేసి చూపించాను. సెంటుకు ఆరు కాదు, ఆరు పాయింట్ సున్నా అయిదు. నలభై సెంట్లకు రెండంకణాలు తేడా. ఆ దారి దేవుడు మిగిల్చింది కాదు, నేను లెక్కలో వదిలేసింది. అది ఎవరి దస్తావేజులోనూ ఉండదు.

రిజిస్ట్రేషన్‌కు ఇంకా నాలుగు రోజుల గడువుంది. దక్షిణపు దారి చిన్నమ్మదని లేఖరి చేత ఒక్క వాక్యం రాయిస్తే సరిపోయేది. కానీ ఏమని చెప్పను, టీచరమ్మ లెక్క తప్పిందనా? దారి ఎక్కడికి పోతుంది, పక్కనున్నది మేమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చాలా ఏళ్లు దాన్ని మొహమాటం అనుకున్నాను. అది పొగరు.

నాయన పోయాక ముందు భాగం నాకొచ్చింది. రిటైరై గూడూరు చేరాక దాన్ని అమ్మేశాను. ఆ సందు ఎవరిదని అప్పుడు కూడా లేఖరి అడిగాడు. వెనకావిడ నడిచే దారి అని నోటితో చెప్పాను, కొనేవాడు తలూపాడు. కాగితం మీద పెట్టమని మాత్రం అనలేదు. పాత దస్తావేజులో ఎందుకు లేదని అడుగుతారని భయం.

మొన్న ఎండాకాలంలో ఆ స్థలం కొన్నాయన దక్షిణపు కంచె దాకా ప్రహరీ కట్టేశాడు. పరుగున వెళ్లి అడిగాను. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. దారి అని రాసిన కాగితం ఒక్కటి చూపించండమ్మా, గోడ రేపే తీయిస్తానన్నాడు. మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేశాను.

ఇప్పుడు చిన్నమ్మ ఇంటికి పోవాలంటే వీధి చివరిదాకా నడిచి, పంటకాలవ గట్టెక్కి, మడి గట్టు మీదుగా వెనక నుంచి చేరాలి. ఆ రోజు నేనూ అలాగే వెళ్లాను. నాకు అరవై నాలుగు, సగం దూరానికే మోకాళ్లు పట్టేశాయి. ఆమెకు ఎనభై దాటాయి, రోజూ పాలకు ఆ గట్టు మీదే వెళ్తోంది.

చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. సెంటుకు ఆరు కాదని, ఆ సంగతి నాకు రిజిస్ట్రేషన్‌కు ముందే తెలుసని, నలుగురిలో చులకనవుతానని నోరు మూసుకున్నానని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"తెలుసులే పాపా. మీ చిన్నాయన ఉన్నప్పుడే స్థలమంతా కొలిచి పెట్టినాడు, రెండు వందల నలభై రెండంకణాలని. నాకది నోటికొచ్చు."

మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నలుగురు మగోళ్లు నిన్ను మెచ్చుకుంటా ఉండారు. మనింట్లో చదువుకున్న ఆడబిడ్డవి నువ్వొక్కదానివే. రెండంకణాల కోసం నీ తల దించేదా అని ఊరుకున్నా. తర్వాత నువ్వే దిద్దుతావులే అనుకున్నా."

అరవై నాలుగేళ్ల మనిషిని, చిన్నపిల్లలా ఏడ్చాను. కోర్టుకు పోదాం, నేనే సాక్ష్యం చెబుతానన్నాను. ఈ వయసులో నన్ను కోర్టు మెట్లెక్కించొద్దంటూ చిక్కుడుకాయలు సగం కొంగులోకి ఎత్తి నా సంచిలో పోసింది.

ఎండ తగ్గగానే బయల్దేరాను. వద్దన్నా వినకుండా కాలవ గట్టు దాకా వెంట వచ్చింది. దారిలో మడి గట్టు తెగినచోట ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ పాచి ఉండాది, చూసి దాటు. నేను రెండుసార్లు పడినా."