కుడివైపు వెన్నున్న కార్డులు

మా పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఆవిడ మీద కోపం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఉండనిచ్చాను. దానికేమైనా అన్నం పెట్టాలా, చీర కొనాలా?

బందరులో మా వీధి చివర గాలిపటాలు చేసే సాయిబు ఒకాయన ఉండేవారు. ఏడో తరగతిలో నేను బడి మానేశాక, సరిగ్గా చెప్పాలంటే బడే నన్ను మానేశాక, మధ్యాహ్నాలన్నీ ఆయన అరుగు మీదే. పీర్ల పండక్కి ఊరేగించే తాబూతు గోపురం మీద అతికించే కాగితపు పూలూ లతలూ కూడా ఆయనే కత్తిరించేవారు. "మావయ్యా, ఇదెలాగ?" అంటే నోటితో చెప్పేవారు కాదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "కొయ్యమ్మా. పాడైతే నీకే తెలుస్తుంది" అనేవారు. అలా పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నాను.

డిసెంబరు చలి మొదలైతే ఆ విద్యతో క్రిస్మస్ కార్డులు చేసేదాన్ని. దళసరి కాగితానికి ఒక మడత. పైన గాలిపటం కాగితంతో కత్తిరించిన పశువుల పాక, పక్కన ఈతచెట్టు, ఆకాశంలో తోకచుక్క. మైదా జిగురు పల్చగా రాయాలి. ఎక్కువైతే కాగితం ఎరుపు దిగి పాకలోని గొర్రెపిల్లలకి తట్టు పోసినట్టుంటుంది. నాకు చదువు లేదు, గొంతు లేదు, చర్చి పాటల బృందంలో నన్ను పెదవులు మాత్రమే ఆడించమనేవారు. నాది అని చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఆ కార్డులే.

వాటికో గుర్తుంది. మన పుస్తకానికి వెన్ను ఎడమవైపుంటుంది. సాయిబుగారు చదివే ఉర్దూ పుస్తకాలకి కుడివైపు. ఆయన మడతే నా చేతికీ వచ్చింది. నా కార్డు బొమ్మ ఎదురుగా పెట్టుకుంటే మడత కుడివైపు ఉండేది. గుళ్లో ఆడవాళ్లు నవ్వేవారు.

"ఇదేంటే, ఏసయ్యని పెరటి గుమ్మంలోంచి రమ్మంటున్నావ్?"

"వీధి గుమ్మంలో మీరంతా నిలబడి కబుర్లు చెప్తున్నారు గదండీ, ఆయనకి దారేదీ?" అన్నాను. ఆ తర్వాత ఎవరు చెప్పినా మడత మార్చలేదు.

ఒక ఏడాది క్రిస్మస్ వెళ్లగానే గుడివాడ నుంచి పెద్దమ్మ కబురు పెట్టింది. వాళ్లమ్మాయికి, అంటే మా అక్కకి, పెళ్లిచూపులట. సాయానికి రమ్మంది. మిగిలిన కార్డులుంటే పట్టుకురమ్మంది. గోడకి దారం కట్టి వేలాడదీస్తారు కాబోలనుకుని, మంచివన్నీ ఏరి తీసుకెళ్లాను.

పెళ్లివారు దివిసీమ నుంచి వచ్చారు. నేను కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గదిలోకి వెళ్లేసరికి నా కార్డులు పెళ్లికొడుకు తల్లి ఒళ్లో ఉన్నాయి.

"ఇవన్నీ అమ్మాయే చేసిందాండీ?" అంటోంది ఆవిడ.

"అదేనండీ. పొద్దస్తమానం కత్తెరే. అన్నానికి లేవమన్నా లేవదు" అంది మా పెద్దమ్మ.

అక్క తల వంచుకుంది. సిగ్గనుకున్నారు వాళ్లు. పళ్లెంలో గ్లాసులు గలగలలాడాయి. ఆవిడ నావైపు చూసి, "ఈ అమ్మాయెవరు?" అంది.

"మా మరిది కూతురండీ. చదువబ్బలేదు. వంటింట్లో సాయానికొచ్చింది."

ఆ కాఫీ పెద్దమ్మ నెత్తిన పోయకుండా నన్ను ఆపింది దైవభక్తి కాదు. ఆ గ్లాసులు మా అమ్మవి, పెళ్లిచూపులకని నేనే మోసుకొచ్చాను. పెళ్లికొడుకు తల్లి ఒక కార్డు అడిగి తీసుకుని తన బైబిల్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం బస్సులో బందరు దాకా పళ్లు కొరుక్కుంటూనే వచ్చాను.

ఆ సంబంధమే కుదిరి అక్క అత్తారింటికి వెళ్లింది. మళ్లీ డిసెంబరు వచ్చింది. ఒక ఉదయం అవనిగడ్డ బస్సు దిగి అక్క మా గుమ్మంలో నిలబడింది, కొత్త చీర, పాత మొహం.

"చెల్లీ, నన్ను గట్టెక్కించవే. మా అత్తగారు స్త్రీల సమాజంలో అందరికీ చెప్పేశారు, మా కోడలు కార్డులు చేయడం నేర్పుతుందని. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే."

"అయ్యో, నీకు రాకపోవడమేంటక్కా? పొద్దస్తమానం కత్తెరేగా!"

ఏడ్చింది. నాకు జాలి వేసి ఉండాల్సింది. ఆకలి వేసింది, వెళ్లి పెరుగన్నం తినొచ్చాను. తర్వాత కూర్చోబెట్టి నేర్పాను, నిజంగానే నేర్పాను. కత్తిరించే కాగితం ఎలా మడవాలో, ఈతాకు ఎలా తీయాలో, జిగురు ఎంత రాయాలో. ఇంటికి వెళ్లేలోగా దాని పాక పాకలాగే ఉంది. వెన్ను ఏవైపుండాలో మాత్రం అది అడగలేదు. నేను చెప్పలేదు. నా కార్డులన్నీ తనవని చెప్పించుకుంది గదా, ఒక్కటైనా చేతిలోకి తీసుకుని తెరిచి చూడలేదన్నమాట.

ఆదివారం నేనూ అక్క అత్తారింటికి వెళ్లాను. చూడకపోతే ఎలా? స్త్రీల సమాజం వాళ్ల వసారాలో చాపల మీద కూర్చుంది. అక్క మధ్యలో, నేను పక్కన మైదా గిన్నెతో. అక్క కత్తిరించింది, అతికించింది, బాగానే వచ్చింది. అందరూ "అబ్బ!" అన్నారు. అత్తగారు కార్డు చేతిలోకి తీసుకుని ఇటు తిప్పింది, అటు తిప్పింది. బైబిల్లోంచి గుడివాడ కార్డు తీసి పక్కన పెట్టింది.

"అదేంటమ్మాయ్? అప్పుడు చేసినదానికి మడత ఇటుంది, దీనికి అటుందేం?"

అక్క నావైపు చూసింది. నేను ఎంతో భక్తిగా మైదా కలుపుతున్నాను.

"నిన్నే అమ్మాయ్."

"అదీ... మర్చిపోయానత్తయ్యా."

"చేతికి అలవాటైన మడత మర్చిపోతుందా?" ఆవిడ మెల్లిగా నావైపు తిరిగింది. "నీకేమైనా తెలుసా అమ్మా?"

ఈ మాట కోసం ఏడాదిగా నాలుక మీద సిద్ధంగా ఉంచుకున్నాను. "నన్నడుగుతారేంటండీ? నేను వంటింట్లో సాయానికొచ్చినదాన్ని."

ఆవిడ కత్తెర అక్క చేతిలోంచి తీసి నా ముందు పెట్టింది. నేను దళసరి కాగితం తీసుకుని, మా సాయిబు మావయ్య మడిచినట్టే, మడత కుడివైపు వచ్చేలా మడిచాను. ఈతచెట్టు దాకా కూడా రానివ్వలేదు ఆవిడ.

"చాలు" అంది. తర్వాత అక్కతో, ఎంతో మెత్తగా, "కాఫీ పట్రామ్మా. మీ చెల్లెలికి ముందు" అంది.

అక్క పళ్లెం పట్టుకొచ్చింది. గ్లాసులు గలగలలాడాయి. అంత రుచైన కాఫీ నేను మళ్లీ తాగలేదు.

అక్కతో లెక్క అక్కడితో సరిపోయింది. పెద్దమ్మతో సరిపోలేదు. అబద్ధం ఆవిడది. అందుకని ఆ ఏడాది నుంచి ప్రతి క్రిస్మస్‌కీ గుడివాడకి ఒక కార్డు పంపాను. అందులో పాక లేదు, చుక్క లేదు. ఎర్ర కాగితంతో కత్తిరించిన ఒక అమ్మాయి, చేతిలో పళ్లెం, పళ్లెంలో గ్లాసులు. మడత కుడివైపు. లోపల ఒక్క అక్షరం రాయలేదు. ఎవరు చేశారో ఆవిడకి తెలుసు. ఆవిడ పోయేదాకా ఒక్క ఏడాది కూడా మానలేదు.